ఇంట్లో నాలుగు డాట్ల జాకెట్టు: పేపర్ కటింగ్ నుంచి హుక్కుల దాకా

కొత్త జాకెట్టు కుట్టించాలంటే ఆది జాకెట్టు పట్టుకెళ్ళి టైలరుకు ఇవ్వడం మనకు అలవాటు. సులువైన పద్ధతే. కానీ ఆది జాకెట్టుకు భుజం జారుతుంటే కొత్తదానికీ జారుతుంది. చంక దగ్గర ముడత ఉంటే అదీ వస్తుంది. పైగా నాలుగేళ్ళు ఉతికి, వేసుకుని సాగిపోయిన గుడ్డను కొలిస్తే తెలిసేది ఆ గుడ్డ ఇప్పుడున్న తీరే, ఒంటి కొలత కాదు. గుడ్డను ఏటవాలుగా కోసిన క్రాస్ కటింగ్ జాకెట్టయితే ముందు భాగం అర అంగుళం దాకా సాగి ఉండొచ్చు. అందుకే ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు పేపర్ కటింగ్, అంటే ముందు కాగితం మీద గీసి కోసుకునే నమూనా, మేలు. కాగితం సాగదు. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ కొత్త గుడ్డలోకి ఎక్కదు.

ఈ పోస్టుకు 36 చాతీ కొలతకు, ముందు హుక్కులు, నడుము పట్టీ ఉన్న నాలుగు డాట్ల జాకెట్టు తీసుకుంటున్నాను. డాటు అంటే గుడ్డ ఒంటి ఆకారానికి ఒదిగేలా కోణంగా మడిచి వేసే కుట్టు. కటోరి, ప్రిన్సెస్ కట్ అనే వేరే కటింగుల జోలికి ఇక్కడ వెళ్ళను. నాలుగు డాట్లు ఎందుకు వేస్తున్నామో అర్థమైతే ఆ రెండూ ఇందులోంచే వస్తాయి. అంకెలన్నీ అంగుళాల్లో.

కొలతలు: చాతీ ఒక్కటే చాలదు

యూట్యూబ్‌లో కనిపించే చాలా లెక్కలు చాతీ అంకె ఒక్కదాని మీదే నడుస్తాయి. చాతీ బై నాలుగు, చాతీ బై ఆరు, చాతీ బై పన్నెండు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. 36 చాతీ ఉన్న ఇద్దరిలో ఒకరికి వీపు వెడల్పు, ముందు తక్కువ. ఇంకొకరికి వీపు సన్నం, ముందు ఎక్కువ. ఒకే కటింగు ఇద్దరికీ సరిపోదు. కాబట్టి రెండు చాతీలు కొలవండి. ఒకటి పై చాతీ: టేపు రెండు చంకల కిందుగా పోనిచ్చి, ముందు రొమ్ముల పైన రావాలి. రెండోది మామూలుగా కొలిచే నిండు చాతీ.

ఈ రెంటి మధ్య తేడా 2 అంగుళాలు ఉంటే లెక్కలు ఉన్నవి ఉన్నట్టు పనిచేస్తాయి. తేడా ఎక్కువైతే, ఉదాహరణకు పై చాతీ 34, నిండు చాతీ 38 ఉంటే, భుజం, మెడ, చంక, వెనక భాగం మొత్తం 36 లెక్కతో గీయాలి. మిగిలిన 2 అంగుళాలు ముందు భాగానికే చేర్చాలి, ఒక్కో పక్కకు 1. ఆ పెంచిన గుడ్డను నడుము డాటు మింగేస్తుంది. 38 కదా అని అన్నీ 38 లెక్కతో గీస్తే భుజం జారి, చంక వేలాడి, ముందు మాత్రం బిగుతుగానే ఉంటుంది. లావైన జాకెట్టు కుట్టినా హుక్కుల దగ్గర ఎందుకు లాగుతోందో తెలియక సతమతమయ్యేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే.

ఇక్కడి నమూనా కొలతలు ఇవి. పై చాతీ 34, నిండు చాతీ 36. నడుము 30, ఇది చీర కట్టే చోట కాదు, జాకెట్టు పట్టీ కింది అంచు వచ్చే చోట కొలవాలి. వెనక నుంచి ఒక భుజం ఎముక నుంచి రెండో ఎముక దాకా 14. వెనక పొడవు 14. మెడ పక్కన భుజం మీద నుంచి డాట్ పాయింట్ (రొమ్ము మొన) దాకా 10, రెండు పాయింట్ల మధ్య 7½. చంక చుట్టు 15, చేతి పొడవు 8, చేతి లూజు (చేతి కింది అంచు చుట్టుకొలత) 11½. వెనక మెడ లోతు 7, ముందు మెడ 6½.

జాకెట్టు లోపల ఏది వేసుకుంటారో అదే వేసుకుని కొలవండి. లోపలిది మారితే డాట్ పాయింట్ అర అంగుళం పైకో కిందికో మారిపోతుంది. కొలిచేది వేరేవాళ్ళైతే మంచిది. మీ టేపు మీరే పట్టుకుంటే చెయ్యి లేచి భుజం కొలత తప్పుతుంది. ఆది జాకెట్టు నుంచి కొలతలు తీసుకోక తప్పకపోతే ఒక సంగతి గుర్తుంచుకోండి: దాంట్లో లూజు, అంటే ఒంటి కొలత మీద కలిపే వదులు, ముందే కలిసి ఉంది. మళ్ళీ కలపకూడదు.

అచ్చు వేసిన రెడీమేడ్ పేపర్ కటింగులు కొనేవాళ్ళు మొదట చూడాల్సింది మార్జిన్, అంటే కుట్టు బయట వదిలే గుడ్డ, కలిపి ఉందా లేదా అని. ఫైలు దించుకుని ఇంట్లో ప్రింటు తీస్తే, దాని మీద ఉండే పరీక్ష గడిని స్కేలుతో కొలవండి. ప్రింటరు పేజీకి సరిపెట్టే ప్రయత్నంలో కాస్త కుదించినా జాకెట్టు మొత్తం ఒక సైజు తగ్గిపోతుంది. అమెరికాలో దొరికే పేరున్న కంపెనీల ప్యాటర్న్లలో సాధారణంగా 5/8 అంగుళం మార్జిన్ కలిపే ఉంటుంది, లూజు కూడా 2 అంగుళాలకు మించే ఉంటుంది. అక్కడ ఉన్న మనవాళ్ళు ఆ ప్యాటర్న్‌తో చీర జాకెట్టు కుట్టబోతే అది చొక్కాలా వదులుగా వస్తుంది. చీర జాకెట్టుకు చాతీ దగ్గర మొత్తం 1 అంగుళం లూజు చాలు.

వెనక భాగం గీయడం

ఖాకీ కాగితం గానీ చార్టు గానీ వాడండి. న్యూస్ పేపరు మొదటి ప్రయత్నానికి పరవాలేదు, కానీ లేత పట్టు మీద దాని సిరా అంటుకుంటుంది. గీసేటప్పుడు నికరమైన కుట్టు గీతే ముందు గీయండి, మార్జిన్ చివర్లో బయటివైపు కలపండి. రెండూ కలగలిపి గీస్తే తరువాత పావు అంగుళం ఎక్కడ దిద్దాలో తెలియదు.

కాగితం ఎడమ అంచు వెనక మధ్య మడత అనుకోండి. పై గీత నుంచి కిందికి 14 పొడవు. పై గీత మీద భుజానికి సగం 7 రావాలి గానీ 6¾ పెట్టండి. వెనక మెడ 7 లోతు తీసేశాక రెండు భుజాలను పట్టి ఉంచే గుడ్డ చాలా తగ్గిపోతుంది, భుజాలు బయటికి జరుగుతాయి. ఆ జరుగుడును ముందే పావు అంగుళం తగ్గించి కాచుకుంటున్నాం. మెడ 9, 10 లోతు పెట్టేవాళ్ళు అర అంగుళం తగ్గించాలి. మెడ వెడల్పు 4, మిగిలిన 2¾ భుజం పట్టీ. లోతూ వెడల్పూ రెండూ ఒకేసారి పెంచకండి. లోతు కావాలంటే వెడల్పు 3½కు తగ్గించండి, లేదా వెనక తాడు కట్టండి.

భుజం చివర ముప్పావు అంగుళం కిందికి దించి ఏటవాలు గీత గీయాలి. చంక లోతుకు చాతీలో ఆరో వంతు 6, దానికి ముప్పావు కలిపి 6¾. అక్కడ అడ్డంగా చాతీ గీత: వెనకకు 9. కింద నడుము గీత: నడుములో నాలుగో వంతు 7½, డాటుకు 1 కలిపి 8½. డాటు మడత నుంచి 3¾ దూరంలో, 4½ ఎత్తు.

చంక వంపు గీశాక టేపును అంచు మీద నిలబెట్టి ఆ వంపును కొలవండి. ఫార్ములా మనల్ని దగ్గరికి తీసుకొస్తుంది, అంతే. అసలు లెక్క ఈ వంపు పొడవు. వెనక వంపు, ముందు వంపు కలిపితే చంక చుట్టు 15కు పావు అంగుళం అటూఇటూగా రావాలి. తక్కువొస్తే చంక గీతను పావు అంగుళం దించి, ఎక్కువొస్తే ఎత్తి మళ్ళీ గీయండి.

ముందు భాగం, నాలుగు డాట్లు

ముందు భాగం మీదే జాకెట్టు నిలబడుతుంది, కాబట్టి ఇక్కడ తొందర వద్దు. భుజం, ఏటవాలు, చంక లోతు వెనకలాగే. మెడ లోతు 6½. చాతీ గీత మీద 9½. వెనక 9, ముందు 9½ కలిపితే 18½, రెండు పక్కలా కలిపి 37. అంటే 36కు 1 అంగుళం లూజు. చంక వంపు వెనకకన్నా అర అంగుళం లోపలికి తీసుకోవాలి, చెయ్యి ముందుకు కదలాలి కాబట్టి.

పట్టీ పైన ముక్క పొడవు 12½, కింద పట్టీ ఎత్తు 2½. కలిపితే 15. వెనక 14 ఉంటే ముందు 15 ఎందుకంటే గుడ్డ చాతీ ఎత్తు మీదుగా ఎక్కి దిగాలి. ఈ 1 అంగుళం ఇవ్వకపోతే పట్టీ పైకి ఎగబాకి రొమ్ము మీద కూర్చుంటుంది. చాతీ ఎక్కువ ఉన్నవాళ్ళకు, పైన చెప్పిన 38 ఉదాహరణలాంటివాళ్ళకు, ముందు పొడవు ఇంకో అర అంగుళం, దానితోపాటు పక్క డాటు అర అంగుళం, నడుము డాటు 1 అంగుళం పెంచాలి.

భుజం నుంచి 10 కిందికి, ముందు మధ్య గీత నుంచి 3¾ లోపలికి డాట్ పాయింట్. నాలుగు డాట్లూ దాని వైపే చూస్తాయి గానీ ఏదీ దాన్ని తాకకూడదు. అంగుళం ముందే ఆగాలి.

నడుము డాటు మొత్తం వెడల్పు 1½, కింది అంచు నుంచి పైకి. ఇది పోగా 9½లో 8 మిగులుతుంది, పట్టీ పొడవు సరిగ్గా అంతే. పక్క డాటు వెడల్పు 1, చంక కింద పక్క కుట్టులోంచి. వెనక పక్క పొడవు 7¼, ముందు పక్క పైముక్క 5¾, పట్టీ 2½ కలిపి 8¼. ఎక్కువున్న ఆ 1 అంగుళమే పక్క డాటు. మధ్య డాటు అర అంగుళం, హుక్కు పట్టీ వైపు నుంచి. ఇది లేకపోతే రెండు రొమ్ముల మధ్య గుడ్డ ఉబ్బి నిలుస్తుంది. చంక డాటు అర అంగుళం. చంకకూ చాతీకీ మధ్య పడే ఏటవాలు ముడతను తీసేసేది ఇదే. చంక వంపు కొలిచేటప్పుడు ఈ డాటు మడిచి కొలవాలి.

మార్జిన్ కోసేముందు కాగితం మీద ప్రతి డాటునూ కుట్టాక పడే తీరులోనే మడవండి. మడిచాక అంచును సరిచేసి కోయండి, తరువాత విప్పండి. విప్పినప్పుడు డాటు మొదట్లో చిన్న కోణం బయటికి పొడుచుకు వస్తుంది. ఆ కోణం లేకుండా తిన్నగా కోసిన డాటు కుట్టాక అంచు లోపలికి పోతుంది, పట్టీ వేసేటప్పుడు అక్కడ గుడ్డ అందదు.

మార్జిన్లు: భుజం అర, చంక అర, మెడ పావు, ముందు మధ్య అర, పట్టీ కలిసే చోట అర, వెనక కింద 1, పక్కలు 1½. పట్టీ కోత కొలత 10 పొడవు, 3½ ఎత్తు.

చేతులు

కాగితం మడత మీద పొడవు 8, మార్జిన్ పైన అర, కింద 1. మడత దగ్గర పై నుంచి 3 అంగుళాలు దిగి అడ్డగీత, అదే చేతి తల ఎత్తు. మడత పై మూల నుంచి ఆ అడ్డగీతకు టేపును ఏటవాలుగా పెట్టి 7½ ఎక్కడ తగిలితే అక్కడ చుక్క. వెడల్పు దాదాపు 6⅞ వస్తుంది. కింద చేతి లూజులో సగం 5¾. వంపు గీసి, ముందు వైపు వంపును అర అంగుళం లోపలికి తీసుకుని, మొత్తం వంపును కొలవండి. చంక చుట్టుకన్నా అర అంగుళం ఎక్కువుంటే సరి. 1 అంగుళం దాటితే భుజం మీద చిన్న కుచ్చులు పడతాయి. చేతి తల మరీ ఎత్తైతే చెయ్యి దించినప్పుడు అందంగా ఉంటుంది, ఎత్తితే పట్టేస్తుంది. మరీ చదునైతే చెయ్యి హాయిగా లేస్తుంది గానీ చంకలో గుడ్డ పోగవుతుంది. వంటపని, బస్సులో కమ్మీ పట్టుకోవడం ఉన్న రోజువారీ జాకెట్టుకు 2¾ తల బాగుంటుంది.

పాత గుడ్డ మీద ఒకసారి

మొదటిసారి నేరుగా మంచి గుడ్డ మీదికి వెళ్ళొద్దు. పాత దుప్పటో పంచో తీసుకుని, పక్కలు పెద్ద కుట్లతో కుట్టి, ముందు పిన్నులు పెట్టి వేసుకుని చూడండి. పాత వాయిల్ చీర పనికిరాదు, అది సాగి మోసం చేస్తుంది. నిలబడి, కూర్చుని, చెయ్యెత్తి అద్దంలో చూడాలి.

చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోందా? చంక లోతు ఎక్కువైంది. పావు అంగుళం ఎత్తండి. ఇక్కడ చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు: చంక పట్టేస్తోందని ఇంకా లోతు కోస్తారు, చెయ్యి కదలిక ఇంకా తగ్గుతుంది. చంక ఎంత ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా కదులుతుంది. పట్టడానికి అసలు కారణం తరచుగా చేతి వెడల్పు చాలకపోవడం, లేదా ముందు చంక వంపు చాలినంత లోపలికి తీయకపోవడం.

చంక నుంచి చాతీ వైపు ఏటవాలు ముడత పడితే చంక డాటును పావు పెంచండి. వెనక మెడ ఒంటికి ఆనకుండా ఊగుతుంటే కాగితం మీద మెడ వంపు మధ్యలో పావు అంగుళం మడత పెట్టి, అది చంక వైపు సున్నా అయ్యేలా అతికించండి. డాటు కొన దగ్గర గుడ్డ మొనదేలితే డాటు పాయింటుకు మరీ దగ్గరికి వెళ్ళింది. పాయింటు కింద ఖాళీగా ఉబ్బితే పాయింటు ఎత్తు తప్పింది. పాయింటు దించినప్పుడు నడుము డాటు ఒక్కటే కాదు, నాలుగూ దాని వెంట దిగాలి. దిద్దినవన్నీ అప్పటికప్పుడు కాగితం మీద ఎర్ర పెన్నుతో.

గుడ్డ, లైనింగ్, కోత

44 అంగుళాల పన్నా గుడ్డ అయితే ఈ సైజుకు 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క సరిపోతుంది, ముందు భాగం తిన్నగా కోస్తే. క్రాస్‌లో కోయాలంటే మీటరు తీసుకోండి. నేర్చుకునేవాళ్ళకు టూ బై టూ అంత మంచి గుడ్డ లేదు. జారదు, ఇస్త్రీకి లొంగుతుంది, సూది పడిన చోట రంధ్రం కనిపించదు. శాటిన్, క్రేప్ పది జాకెట్లు కుట్టాక.

లైనింగ్ నూలు గుడ్డే వాడండి, కోసేముందు రాత్రంతా నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి. నానబెట్టని లైనింగ్ మొదటి ఉతుకులో ముడుచుకుని పై గుడ్డను బుడగలుగా లాగేస్తుంది. ముదురు రంగైతే నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చండి. చెమటకు ఆ రంగే పట్టు మీదికి ఎక్కుతుంది.

క్రాస్ అంటే ముందు భాగం మధ్య గీత గుడ్డ నిలువు పోగుకు 45 డిగ్రీల ఏటవాలులో పడాలి. ఏటవాలు గుడ్డ సాగే గుణం వల్ల చాతీ ఆకారానికి ఒదుగుతుంది. కాగితం మీద బాణం గుర్తు గీసి, దాన్ని గుడ్డ అంచుకు సమాంతరంగా ఉంచండి. పై గుడ్డ క్రాస్ అయితే లైనింగ్ కూడా క్రాసే. గుడ్డ కలిసొస్తుందని లైనింగ్‌ను తిన్నగా కోస్తే అది సాగనివ్వదు, క్రాస్ వేసిన ప్రయోజనం పోతుంది; పైగా పై గుడ్డ వదులై కింద సంచిలా వేలాడుతుంది. నడుము పట్టీ, హుక్కు పట్టీలు మాత్రం ఎప్పుడూ నిలువు పోగు మీదే, అవి సాగకూడదు. ఒంటిపొర మీద కోస్తుంటే రెండో ముందు ముక్కకు కాగితం బోర్లా తిప్పడం మరిచిపోవద్దు. రెండూ ఒకే పక్కవి వస్తే మళ్ళీ గుడ్డ కొనాల్సిందే.

అంచు ఉన్న పట్టు ముక్క అయితే ముందు చేతులు పెట్టండి, అంచు వాటికే. అక్కడ కింద 1 అంగుళం మడత అక్కర్లేదు. తరువాత వెనక, ఆ తరువాత ముందు, మిగిలినదాంట్లో పట్టీలు, మెడకు క్రాస్ పీసులు. గళ్ళు, నిలువు చారలు, ఒకవైపే చూసే నెమళ్ళు, ఏనుగులు ఉన్న గుడ్డకు క్రాస్ వద్దు.

కుట్టే వరస

టూ బై టూకు, మామూలు నూలుకు 14 నంబరు సూది, పలచని పట్టుకు 11. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. మిగిలిన చిన్న ముక్క మీద కుట్టి చూసి, కింద దారం ఉండలు కడితే పై దారం సరిగా ఎక్కించారో లేదో ముందు చూసుకోండి. చాలాసార్లు తప్పు అక్కడే, స్క్రూ తిప్పాల్సిన పని ఉండదు.

పై గుడ్డ తప్పు వైపు లైనింగ్ పరిచి, మార్జిన్ లోపల చుట్టూ ఒక కచ్చా కుట్టు. మెడ చుట్టూ మాత్రం అప్పుడే మిషను కుట్టు వేసేయండి. మెడ వంపు ఏటవాలులో ఉంటుంది, చేతుల్లో తిప్పుతుంటేనే సాగిపోతుంది.

తరువాత డాట్లు. వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, కొన వైపు వస్తూ చివరి మూడు నాలుగు కుట్లు మడత అంచు మీదే పడేలా దిగండి. కొన దగ్గర వెనక కుట్టు వేయకండి, గట్టిపడి మొటికలా కనిపిస్తుంది. రెండు అంగుళాల దారం వదిలి చేత్తో ముడి వేయండి. నడుము డాటు మధ్య వైపుకు, పక్క డాటు కిందికి మళ్ళించి ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టె పక్కనే ఉంచుకోవాలి. ప్రతి కుట్టు తరువాత ఇస్త్రీ చేసిన జాకెట్టుకూ చివర్లో ఒక్కసారి చేసినదానికీ తేడా దూరం నుంచే తెలుస్తుంది.

నడుము పట్టీలు పై గుడ్డవి, లైనింగ్‌వి కింది అంచున కలిపి కుట్టి తిప్పి, వాటి మధ్య పైముక్కను పెట్టి కుట్టండి. వెనక డాట్లు వేసి, వెనక కింది అంచు మడిచి హెమ్మింగ్.

హుక్కు పట్టీలు రెండూ ఒకేలా ఉండవు. హుక్కులు వచ్చే వైపు పట్టీ 1½ వెడల్పు; కుట్టి పూర్తిగా లోపలికి తిప్పాలి. కాజాల (హుక్కు తగిలించే దారపు ఉచ్చుల) వైపు 2¼. ముప్పావు అంగుళం బయటికి నిలిచేలా మడవాలి. పొడవు రెంటికీ 9. ఆ తరువాత భుజాలు కలపండి.

మెడకు 1¼ వెడల్పు క్రాస్ పీసు. వంపు దగ్గర పీసును కొద్దిగా లాగి పట్టుకుని, జాకెట్టును మాత్రం లాగకుండా కుట్టాలి. కుట్టాక అర అంగుళానికొక గాటు, కుట్టుకు రెండు పోగుల దూరంలో ఆపుతూ. గాట్లు పెట్టని మెడ తిప్పితే చదునుగా పడదు. లోపలికి తిప్పి చేతి హెమ్మింగ్ చేస్తేనే బాగుంటుంది, మిషను కుట్టు పట్టు మీద గీతలా కనిపిస్తుంది.

చేతులు పక్కలు కలపకముందే, పరిచి ఉండగానే వేయండి. చేతి మధ్య గాటు భుజం కుట్టు మీదికి, లోతు వంపు ముందు వైపుకు. అర అంగుళం ఎక్కువుంది కదా, ఆ ఎక్కువను భుజానికి అటూఇటూ రెండేసి అంగుళాల్లో సర్దేయాలి. చంక కింద ఏమీ ఉండకూడదు. చివరగా చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా పక్క ఒకే కుట్టు. చంక దగ్గర నాలుగు కుట్టు అంచులు కలుస్తాయి, మెల్లగా వెళ్ళండి, అక్కడ రెండో కుట్టు వేయండి.

కాజాల చోటు దగ్గర చాలామంది పొరబడతారు. కాజా పట్టీ బయటి అంచున పెట్టకూడదు, పట్టీ కలిసిన కుట్టు గీత మీదే పెట్టాలి. అంచున పెడితే చాతీ ముప్పావు అంగుళం వదులైపోతుంది, ఇంత లెక్కా వృథా. మూడు నాలుగు పోగుల దారం పరిచి దాని మీద కాజా కుట్టు దగ్గరదగ్గరగా అల్లండి. ఇక్కడ ముందు తెరుపు 8 అంగుళాలు, కాబట్టి ఆరు హుక్కులు, ఒకటిన్నర అంగుళానికొకటి. పై నుంచి కొలిచి పెట్టుకుంటూ పోకుండా, డాట్ పాయింట్ ఎదురుగా ఒకటి, పట్టీ కుట్టు మీద ఒకటి పడేలా ముందు ఆ రెండూ గుర్తు పెట్టి, మిగిలినవి వాటి మధ్య, పైన, కింద సర్దండి. లాగుడంతా ఆ రెండు చోట్లే. హుక్కు అంచు నుంచి నూలు పోగంత లోపలికి ఉంటే బయటికి మెరవదు.

పక్కల 1½ మార్జిన్ కోసేయకండి, అంచులు మాత్రం పోగులు ఊడకుండా ఇంటర్‌లాక్ చేయించండి. తరువాత ఒళ్ళు వస్తే రెండు పక్కలా కుట్టును అర అంగుళం బయటికి జరిపితే చాతీకి మొత్తం 2 అంగుళాలు దొరుకుతుంది. కాగితం ముక్కలన్నిటి మీదా కొలతలు, తేదీ, ఏ గుడ్డకు ఎంత దిద్దారో రాసి, మడవకుండా చుట్టి పెట్టండి. మడత పడిన చోట కాగితం ఏడాదికల్లా చిరుగుతుంది, అది కచ్చితంగా డాటు దగ్గరే చిరుగుతుంది.